వికలాంగ విద్యార్థులును మన విద్యాలయములును

మన భాషయందు "చెవిటివాని ముందర శంఖ మూదినట్లు" అను సామెత చిరకాలముగా వాడుకలో నున్నది. నా ఉపాధ్యాయ జీవితమున దీనిని ఎన్నిమారులు ప్రయోగించితినో లెక్క లేదు. పదునైదేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో వెనుక వరుసను గూర్చుండు నొక బాలునిమీద దీనిని ప్రయోగించితిని. వాడు నేను చెప్పి వ్రాయించు పాఠమున ప్రతిదినము తప్పులు వ్రాయుచుండెను. నల్లబల్ల వైపు తిరిగి నేను చెప్పిన దేదియు వానికి పట్టుబడకుండెను. సామెత విని తరగతి నవ్వినది, వాడును నవ్వినాడు. సంవత్సరాంతమున వాని తల్లి బడికి వచ్చి, "సారూ, మా పిల్లగానికి ఎడమ చెవి ఇనబడదు, కుడి చెవి కొంచెమే. మీరు మొఖం ఇటు తిప్పి చెప్పుండ్రి, పెదాలు చూసి తెలుసుకుంటడు" అని చెప్పెను. తొమ్మిది మాసములు ఒక బాలునకు వీపు చూపి బోధించి, వాడు మందబుద్ధి యని నేను నిశ్చయించుకొంటిని. సంస్కృతమున వ్యాకరణమును, ఇంగ్లీషున బోధనశాస్త్రమును చదివిన నాకు ఈ యొక్క సంగతి ఎవరును నేర్పియుండలేదు. నేనును అడిగి తెలిసికొనలేదు.

ఆనాటినుండి ఈ విషయమును గూర్చి నాకు దొరకినంత చదువుచు వచ్చితిని. నేను తార్నాకలో కాపురముండువాడను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రాతఃకాలమున నడచుట నాకలవాటు. ఈ చిన్న మేరలోనే, అనగా ఆ ప్రాంగణమునకును తార్నాక చౌరస్తాకును నడుమనే, మన దేశమున వికలాంగుల విద్యాచరిత్ర చాలవరకు కన్నుల కగపడుచున్నదని నాకు క్రమముగా తోచినది. దానినే చదువరుల ముందుంచుచున్నాను.

మొదట మన పూర్వుల సంగతి. ధృతరాష్ట్రుడు జ్యేష్ఠుడైనను అంధుడగుటచే రాజ్యమునకు దూరమయ్యెనను కథ మనయింట చిన్నపిల్లలకును తెలియును. ఇది కథామాత్రము గాదు. మన స్మృతులలో నిట్టి శాసనమే యున్నది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున జన్మాంధులకును, బధిరులకును, మూగవారికిని పిత్రార్జితమున భాగము లేదని విధించి, వెనువెంటనే వారికి జీవితాంతము అన్నవస్త్రము లీయవలెనని చెప్పబడినది. ఈ రెండు వాక్యములును ఒకదాని ప్రక్క నొకటి యుండుట గమనింపదగినది. కూడు పెట్టుడు, హక్కు మాత్రము వలదు! మన సమాజము రెండువేల ఏండ్లు వికలాంగుని యెడ చూపిన దయ యంతయు ఈ రెండు వాక్యములలో నిమిడియున్నది. బ్రిటిషు ఇండియాలో 1928వ సంవత్సరపు చట్టముచేత ఈ నిషేధము చాలవరకు తొలగినది. జన్మతః మతి చలించినవారిని మాత్రము ఆ చట్టము విడిచిపెట్టినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ మిగిలినదానిని గూడ తుడిచివేసినది. కాని ఆస్తిలో పాలు లేనివానికి చదువెందుకను భావము చట్టముతోడనే పోలేదు. నేటికిని "వీనికి పింఛను వచ్చును గదా, చదువెందులకు?" అను మాట తల్లిదండ్రుల నోటనే విందుము.

ఐరోపాలో ఈ చదువు పదునెనిమిదవ శతాబ్దమున మొదలైనది. పారిసు నగరమున అబ్బె ద లెపె అను మతగురువు బధిరులకును, 1785 ప్రాంతమున వాలెంతిన్ హావీ అంధులకును బడులు పెట్టిరి. హావీ స్థాపించిన బడిలోనే చదివిన లూయీ బ్రెయిలీ జీనులు కుట్టువాని కుమారుడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి ఆరెతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొని, క్రమముగా రెండు కన్నులును పోగొట్టుకొనెను. అట్టి మొనగల పనిముట్టుతోడనే కాగితముపై చుక్కలు పొడిచి చదువు మార్గమును అతడు కనుగొని 1829లో ప్రకటించెను. వింత యేమనగా, అతని బడియే ఆ లిపిని అతడు మరణించిన రెండేండ్లకు, 1854లోగాని, అంగీకరింపలేదు. బధిరుల గతి ఇంకను విచారకరము. 1880లో మిలాను నగరమున చేరిన ఉపాధ్యాయుల మహాసభ, బధిరులకు సంజ్ఞాభాష తగదు, నోటిమాటయే నేర్పవలెనని తీర్మానించినది. ఆ సభలో బధిరులు దాదాపుగా లేరు. ఆ తీర్మానము ఫలితముగా ఎన్నో దేశముల బడులలో పిల్లలు చేతులు కదపిన శిక్ష పొందిరి. అట్టిదే మహాసభ 2010లో వాంకూవరున చేరి ఆ తప్పునకు చింత ప్రకటించినది. నూటముప్పదియేండ్లు పట్టినది.

మన దేశమున మొదటి అంధుల బడి 1887లో అమృతసరమున ఆనీ షార్పను క్రైస్తవ ప్రచారకురాలు స్థాపించినది. అంతకు రెండుమూడేండ్ల ముందే బొంబాయిలో బధిరుల పాఠశాల వెలసినది. దక్షిణమున పాళయంకోట ఈ రెండు విధముల విద్యకును ప్రసిద్ధి కెక్కినది. ప్రభుత్వము మాత్రము ఇంకను లెక్కలతోడనే తృప్తి చెందియుండెను. 1872 మొదలు 1931 వరకు జనాభా లెక్కలలో అంధులు, బధిరులు మొదలగువారిని గణించిరి. తరువాత ఆ ప్రశ్నయే మానివేసిరి. 1981లో మరల అడిగి, 1991లో మానుకొని, 2001 నుండి మరల అడిగిరి. 2011 నాటి గణనమున దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులని తేలినది. వారిలో అక్షరాస్యులు నూటికి 55 మంది మాత్రమే. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వీరి సంఖ్య 22 లక్షల 66 వేలు.

ఇక బ్రెయిలీ లిపి తెలుగునకు వచ్చిన విధము కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలయన చదువుకొన్న కుటుంబములలో గూడ దీనినెరిగినవారు తక్కువ. మొదట మన దేశభాషలకు పలువురు పలువిధములుగా చుక్కల లిపులు కల్పించుకొనిరి. ఒక బడిలో నేర్చినవాడు మరియొక బడి పుస్తకమును చదువజాలకుండెను. ఈ గందరగోళము 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడుటతో తీరినది. దీని సొగసు చూడుడు. ఆరు చుక్కల చిన్న గడిలో ఏ చుక్కలు పైకి లేచినవో అదియే అక్షరము. తెలుగు కకారమునకును, హిందీ కకారమునకును, తమిళ కకారమునకును ఒకే గురుతు. మన కన్నుగల పిల్లలు హిందీ నేర్చునప్పుడు క్రొత్తగా ఒక లిపి యంతయు దిద్దవలసియుండగా, అంధబాలుడు తెలుగు చదివిన వ్రేలితోడనే హిందీని చదువును! మన వత్తుల బాధయు నిచట లేదు. అక్షరము క్రింద అక్షరము వ్రేలాడదు. హలంతమును తెలుపు చుక్క ముందు వచ్చి, హల్లులు వరుసగా నడచును. పలకపై మొనగల పుల్లతో కుడినుండి ఎడమకు పొడిచి, కాగితము త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుదురు. ఒక్కటే కష్టము: ఆ కాగితము దళసరి, ఆ చుక్కలు వెడల్పు. మన పిల్లవాని సంచిలో నిముడు ఒక పాఠ్యపుస్తకము బ్రెయిలీలో అనేక సంపుటములగును. అవి ముద్రితమై బడి తెరచునాటికి వచ్చిననే గదా ప్రయోజనము!

ఇప్పుడు ఉస్మానియా సంగతికి వత్తును. ఈ విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. ఇంగ్లీషును ప్రధాన బోధనభాషగా గొనక, దేశభాషయగు ఉర్దూలో ఉన్నతవిద్య గరపుట దీని విశేషము. అందులకై అంతకుముందే అనువాదశాఖ నొకదానిని నెలకొల్పి, వైద్యము, గణితము, రసాయనము మొదలగు శాస్త్రములందు వందలకొలది గ్రంథములను ఉర్దూలోనికి మార్పించి, లేని పారిభాషిక పదములను పుట్టించిరి. విద్యార్థి గ్రంథమున్న భాషకు పోవుటకంటె, గ్రంథమే విద్యార్థియొద్దకు రావలెనను సూత్రము దీనికి మూలము. సంస్థానపు జనులలో నధికులు తెలుగువారు. వారికి ఆ ఉర్దూయే పరభాష యగుటచే ఈ సూత్రము వారి విషయమున సాగలేదు. ఆ కష్టము మన తాతలెరుగుదురు. బుద్ధిమంతుడగు బాలుడు భాష పట్టుబడక తరగతిలో మూగవాడై కూర్చుండుట యెట్టిదో వారనుభవించిరి. 1948 తరువాత బోధన ఇంగ్లీషునకు మారినది. అయినను ఆ సూత్రము మాత్రము గొప్పది. ఒక రాజ్యము ఒక భాష మాటలాడువారికై గ్రంథాలయమునంతటిని తర్జుమా చేయింపగలిగినప్పుడు, చుక్కల లిపి చదువువారికై, చేతులతో మాటలాడువారికై అట్టి పనియే చేయుట దయ యెట్లగును? అదియు అనువాదమే. ఈ పోలిక ఆనాటి పెద్దలకు తోచినట్లు నేనెచ్చటను చదువలేదు. ప్రాంగణమున నడచుచుండగా నాకు తోచినది.

ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవమైనది. ఎర్రని రాతితో, ఆకాశమును మోయునట్లున్న ద్వారముతో, విశాలమగు మెట్లతో ఆ భవనము చూపరులను నిలువబెట్టును. ఆ మెట్ల క్రింద నిలిచినప్పుడెల్ల నాకు సూదిని జయపాలరెడ్డిగారు స్మరణకు వత్తురు. 1942లో జన్మించిన ఆయనకు పసితనముననే పోలియో సోకినది. చంకకఱ్ఱల ఊతతో నడచుచునే ఈ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది, కల్వకుర్తినుండి శాసనసభకు నాలుగుసారులు ఎన్నికై, పార్లమెంటున మహావక్తయై, కేంద్రమంత్రియై, 2019లో దివంగతులైరి. ఇంచుమించుగా ఆ కాలముననే, 1962లో, అమెరికాదేశమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎడ్ రాబర్ట్సను యువకుడు ప్రవేశించెను. అతనికిని పోలియోయే, మెడ క్రింద కదలిక మిక్కిలి తక్కువ, రాత్రులందు ఊపిరియంత్రములో నిద్రించువాడు. వసతిగృహమున ఆ యంత్రమునకు చోటు లేమిచే ఆసుపత్రిలో నొక గది యిచ్చిరి. అతని వెనుక మరికొందరట్టివారు వచ్చి చేరి, ఏకమై, 1970లో విశ్వవిద్యాలయముననే వికలాంగ విద్యార్థుల సేవాశాఖను సాధించిరి. చక్రముల కుర్చీ బాగుచేయుట, సహాయకులను కుదుర్చుట, నివాసము వెదకుట ఆ శాఖ పనులు. అంతకు ముందే 1948లో ఇలినాయి విశ్వవిద్యాలయము యుద్ధమున గాయపడిన సైనికులకై ఇట్టి ఏర్పాటు ప్రారంభించియుండెను.

ఈ రెండు జీవితములను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు నాకొక సందేహము కలుగుచుండును. మనము గొప్ప వికలాంగుని చూచిన ముచ్చటపడుదుము, సన్మానింతుము, పిల్లలకు కథగా చెప్పుదుము. "సంకల్పమున్న నేమి కాదు!" అందుము. ఆ మాటలో ఒక మోసమున్నది. అసామాన్యుడు మెట్లెక్కినాడని మెట్లట్లే యుంచుటకు అది సాకగును. సామాన్యమగు తెలివిగల వికలాంగ బాలుని మాట యేమి? తక్కిన పిల్లలలో సామాన్యులు లక్షలకొలది ప్యాసై ఉద్యోగములు చేయుచున్నారు గదా. వికలాంగుడు మాత్రము మహాపురుషుడైననేగాని బ్రదుకరాదా?

విశ్వవిద్యాలయమునకు పొరుగుననే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. దానిని చూచిన వారికి వికలాంగుల విద్యతో దీనికేమి పనియని తోచవచ్చును. ఇదియు 1918లోనే పుట్టినది. కూనూరున ఒక చిన్నగదిలో డాక్టరు మెకారిసను బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ ప్రారంభింపగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. డాక్టరు గోపాలనుగారు అధ్యక్షులుగా నున్న కాలమున ఇచటి శాస్త్రజ్ఞులు మన పిల్లల అంధత్వమునకు ముఖ్యకారణములలో నొకటి ఆకలియేయని, అందును 'ఏ' విటమిను లోపమని చూపిరి. మొదట రేచీకటి వచ్చును; సంధ్యవేళ పిల్లవాడు తడవుకొనును. తరువాత తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చలు. పిమ్మట నల్లగ్రుడ్డు మెత్తబడి కరగిపోవును; ఇక ఏ వైద్యుడును చూపు తేలేడు. ఈ విటమినును కాలేయము నిలువచేసికొనును గనుక, ఆరు మాసముల కొకసారి రెండులక్షల యూనిట్ల మోతాదు నోట పోసిన చాలునని వారు నిర్ధారింపగా, 1970లో దేశమున ఆ కార్యక్రమము మొదలైనది. అంగనవాడిలో చెంచాతో పోయు పసుపుపచ్చని నూనెమందు ఇదియే. మునగాకు, తోటకూర, బొప్పాయి ఇంటింట తినిపించిన ఆ మందు పని చాలవరకు తగ్గును. ఫ్లోరైడు నీటి గ్రామములలో పిల్లల మోకాళ్లు లోనికి వంగిపోవుటను గూర్చి 1973లో లోకమునకు తెలిపినవారును ఈ సంస్థవారే. నల్లగొండ పల్లెలలో ఆ నీటివలన నడుము వంగినవారిని చూచినవారికి ఈ పరిశోధన విలువ చెప్పనక్కరలేదు. పోలియో మాట చెప్పవలసిన, 2011 జనవరిలో హౌరాలో కనబడినదే దేశమున కడపటి కేసు. ఒక తరమువారిని కుంటివారిని చేసిన వ్యాధి ఈనాటి పిల్లలకు పేరుమాత్రముగా తెలియును.

చట్టముల చరిత్రను వేగముగా దాటెదను. వికలాంగ బాలురను సాధారణ పాఠశాలలలోనే చదివించుటకు 1974లో కేంద్రప్రభుత్వము ఒక పథకము పెట్టినది. 1995 చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తింపగా, 2016 చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించి, ఉన్నతవిద్యలో నూటికి ఐదు స్థానములు వారికై యుంచవలెననెను. మండలములలో భవిత కేంద్రములు వెలసినవి. అచట పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులు బహుకాలముగా ఒప్పందముపై నున్నవారు. మిక్కిలి తక్కువ జీతముతో బడిబడికి తిరుగుచు, మంచము పట్టిన పిల్లల ఇండ్లకును పోయి చదువు చెప్పు ఆ యువతీయువకులను నేనెరుగుదును. వారిని చూచినప్పుడు నా యుద్యోగము సుఖమని సిగ్గుపడుదును.

చట్టమున్నను నియమము అడ్డుపడిన కథ యొకటి మన రాష్ట్రముననే జరిగినది. మచిలీపట్టణమునకు సమీపమున సీతారామపురమున పుట్టిన బొల్లా శ్రీకాంతుగారు జన్మాంధులు; హైదరాబాదు దేవనారు అంధపాఠశాలలో చదివిరి. పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము కోరగా, బొమ్మలు పటములు గల శాస్త్రములు అంధులకు తగవని నియమము అడ్డు వచ్చినది. న్యాయస్థానమున కెక్కి ఆరు మాసముల కనుమతి పొంది, పరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకొని, అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో చేరి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదున పరిశ్రమ స్థాపించిరి. 2024లో ఈ కథ చలనచిత్రముగా గూడ వచ్చినది. జనులు ఆ 98 మార్కులను తలచుకొందురు. నేను ఆ ఆరు మాసములను తలచుకొందును. తోటిపిల్లలు తరగతిలో కూర్చుండి పాఠము వినుచుండగా ఒక బాలుడు పాఠము వినుటకై న్యాయవాది యొద్ద కూర్చుండవలసి వచ్చెను.

ఇక పరీక్షలో వ్రాయసగాని సంగతి. చూపులేని విద్యార్థి చెప్పగా మరియొకడు వ్రాయుట బహుకాలముగా నున్న ఏర్పాటే. 2013లో కేంద్రప్రభుత్వము మార్గసూత్రములు చేసి, గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు కాల మీయవలెననెను. 2018లో వానిని సవరించి, విద్యార్థి తెచ్చుకొను వ్రాయసగాడు అతనికంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై యుండవలెననిరి. మోసము జరుగకుండుటకే ఆ నియమము. 2021లో వికాస్ కుమారను అభ్యర్థి విషయమున సుప్రీంకోర్టు, వ్రాయుటకు చేయి రాని జబ్బు గలవానికిని వ్రాయసగాని నీయవలసినదేయని తీర్పు చెప్పినది. కాగితముమీద అంతయు బాగున్నది. గదిలో జరుగునది చూడవలెను.

కొన్నేండ్ల క్రిందట ఒక పరీక్షాకేంద్రమున అట్టి గదికి నన్ను పర్యవేక్షకునిగా నియమించిరి. పదవ తరగతి బాలిక, చూపు లేదు. వ్రాయుటకు తొమ్మిదవ తరగతి బాలిక వచ్చినది. పాపము, ఆమె సంస్కృతము చదివినది కాదు. అంధబాలిక శ్లోకమును యతిస్థానమున నిలుపుచు, ఒక్క మాత్ర తప్పక చెప్పినది. నాకు రోమాంచమైనది. మన వేదములు వేలయేండ్లు పుస్తకము లేక చెవినుండి నోటికి నడచినవి గదా. ఆ బడిలో ఈ పిల్ల మొదటి వరుసను గూర్చుండియుండును. నడుమ ఆమె ఆగి, "విసర్గ పెట్టినవా?" అని అడిగినది. "అదేంది అక్కా?" అని రెండవ పిల్ల. "పక్కన రెండు చుక్కలు." "ఏ పక్క?" థకారమునకు ధకారము, దీర్ఘమునకు హ్రస్వము పడుచుండెను. అదనపు కాలమంతయు వర్ణక్రమమునకే సరిపోయినది. నేను నోరు మెదపరాదు. ఆ కాగితము దిద్దినవానికి ఆ శ్లోకము చెప్పిన స్వరము వినబడదు, తప్పులే కనబడును. అట్టి కాగితములను దిద్దుచు, ఎవరు చెప్పిరో ఎవరు వ్రాసిరో ఎరుగక నేనెన్ని మార్కులు కోసియుందునో!

నేడు కంప్యూటరు వచ్చి ఈ బాధను కొంత తీర్చినది. తెరపై అక్షరములను చదివి వినిపించు సాధనములు ఉచితముగా దొరకుచున్నవి. తెలుగును గూడ చదువును. కాని అచ్చుపనివారు చిరకాలముగా వాడుచున్న తెలుగు అక్షరరూపములు యూనికోడునకు చెందినవి కాకపోవుటచే, అట్లు కూర్చిన పుస్తకమును ఆ సాధనమునకిచ్చిన అర్థములేని రోమను అక్షరములను గొణుగును. కన్నుగలవానికి పుట నిండ తెలుగే! చట్టమువలన అడ్డు లేదు. 2012లో గ్రంథస్వామ్య చట్టమును సవరించి వికలాంగులకై గ్రంథములను రూపాంతరము చేయుట కనుమతించిరి, 2014లో మరాకెషు ఒడంబడికను అన్ని దేశములకంటె ముందు మన దేశమే ధ్రువపరచినది. మిగిలినది కూర్చి పెట్టుట, చదివి పెట్టుట.

ఆ పరీక్ష తరువాత మేము తార్నాకలో కొందరము కలిసి రెండు పనులు మొదలుపెట్టితిమి. దసరానుండియే వ్రాయుపిల్లలను కుదిర్చి, వారానికొకసారి చెప్పువారితో కూర్చుండబెట్టి, విసర్గయు వత్తులును ముందే అలవాటు చేయించుట యొకటి. పాఠములను చదివి శబ్దగ్రహణము చేయుట రెండవది. ఇందులకు మా వీధిలోని ఉద్యోగవిరమణ పొందిన పెద్దలు నలుగురు ముందుకు వచ్చిరి. ఆదివారము మధ్యాహ్నము కిటికీలు మూసి, పంకా ఆపి, చెమటలు కక్కుచు చదువుదురు. మొదటి మాసమున చదివినదంతయు విని ఒక బాలిక మా పెద్దలలో నొకరితో, "తాతా, మీరు మంచిగ చదువుతుండ్రు గని, పేజీ మారినప్పుడు నంబరు చెప్తలేరు. బడిల టీచరు నలభైమూడో పేజీ అంటే నాకెట్ల దొరకాలె?" అన్నది. ఆయన ఆ నలుగురిలో మిక్కిలి చదువుకొన్నవారు. ఇప్పుడు పుట మారినప్పుడెల్ల సంఖ్య చెప్పుచున్నారు.